గ్యాస్ రేటు ఎక్కుతుంటే మైలేజీ రూలు సడలించడమేంటి?

సాయంకాలం డ్రైవర్ (చర్చ మొదలుపెట్టినవారు):

అమెరికాలో బండి నడిపే మనవాళ్లందరికీ ఈ ప్రశ్న. గ్యాస్ (అదే, పెట్రోలు) రేటు మళ్లీ ఎక్కుతోంది. ఇంకోపక్క, ఒక్కో కార్ల కంపెనీ తను అమ్మే బండ్లన్నిటి మీద సగటున ఇంత మైలేజీ చూపించి తీరాలని చెప్పే ఫెడరల్ రూలు ఉంది కదా, కేఫ్ అంటారు, దాన్ని వాషింగ్టన్ వెనక్కి లాగుతోంది. 2024 జూన్‌లో పెట్టిన లక్ష్యం ప్రకారం 2031 మోడళ్ల సగటు గ్యాలన్‌కి సుమారు 50.4 మైళ్లు ఉండాలి. 2025 డిసెంబరులో దాన్ని దాదాపు 34.5కి దించుతామని ప్రతిపాదన పెట్టారు. అంతకుముందే, ఆ ఏడాది జులైలో సంతకమైన చట్టం, లక్ష్యం తప్పిన కంపెనీకి వేసే జరిమానాను సున్నా చేసింది. రూలు పుస్తకంలో అలాగే ఉంది, తప్పితే అడిగేవాడు లేడు.

నా వాదన ఇది: రేటు పెరిగితే జనం ఎలాగూ మైలేజీ బండ్లే కొంటారు, మధ్యలో ప్రభుత్వం ఎందుకు అనేవాళ్లు సగమే చూస్తున్నారు. రేటు దిగగానే ఆ జనమే పెద్ద బండ్లకి ఎగబడతారు. కాదనేవాళ్లు రండి.

ట్రక్కు బాబాయ్:

కాదనేవాణ్ని నేనున్నాను. నాకు పికప్ కావాలి, వెనక ట్రైలర్ లాగాలి. నేనేం కొనాలో నా జేబు చెబుతుంది, ఆఫీసులో కూర్చున్నాయన చెప్పక్కర్లేదు. 2008 గుర్తు చేసుకోండి. ఆ వేసవిలో గ్యాలన్ 4 డాలర్లు దాటగానే ఎవరూ ఆర్డర్ వేయకుండానే పెద్ద ఎస్‌యూవీల అమ్మకాలు కుప్పకూలాయి. జూన్‌లోనే జనరల్ మోటార్స్ నాలుగు ట్రక్కు ఫ్యాక్టరీలు మూసేస్తామని ప్రకటించింది, తన భారీ ఎస్‌యూవీల బ్రాండ్ హమ్మర్‌ని ఉంచుకోవాలా అమ్మేయాలా అని ఆలోచనలో పడింది. రేటు చేసిన పని అది. రూలు అప్పటికే ముప్పై ఏళ్లుగా ఉంది, హమ్మర్‌ని ఆపిందా?

సాయంకాలం డ్రైవర్:

బాబాయ్, అదే ఏడాది డిసెంబరు సంగతి కూడా చెప్పాలి కదా. గ్యాలన్ 2 డాలర్ల కిందకి పడిపోయింది. ఆరు నెలల్లో రేటు సగానికి దిగింది. ఒక కొత్త మోడల్ డిజైన్ గీసి, షోరూముకి తేవడానికి నాలుగైదేళ్లు పడుతుంది. నెలల్లో ఊగిపోయే రేటుని చూసి ఏ కంపెనీ అయినా ఐదేళ్ల ప్లాను వేస్తుందా?

పాత చరిత్ర ఒకసారి చూడండి. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేశాక, 1975 డిసెంబరులో ప్రెసిడెంట్ ఫోర్డ్ ఈ చట్టం మీద సంతకం పెట్టారు. కార్లకి 1978 మోడళ్లలో 18 మైళ్లు, 1985కి 27.5. ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్కల ప్రకారం కొత్త బండ్ల సగటు రోడ్డు మైలేజీ 1975లో 13.1 ఉండేది, 1987కి 22కి చేరింది. ఆ తర్వాత చమురు చవకైంది, కంపెనీలు మొరపెట్టుకున్నాయి, 1986 కార్ల లక్ష్యాన్ని 26కి తగ్గించారు. మళ్లీ 27.5కి తెచ్చి 2010 దాకా అక్కడే వదిలేశారు. 1990ల మధ్య నుంచి కొన్నేళ్లపాటు రూలు పెంచే పనికి పైసా ఖర్చు పెట్టకూడదని కాంగ్రెస్ ఏటా బడ్జెట్‌లోనే రాసేది! ఫలితం? 2004లో సగటు 19.3. పదిహేడేళ్లలో టెక్నాలజీ పెరిగింది, మైలేజీ తగ్గింది. 2007లో బుష్ కొత్త చట్టం మీద సంతకం పెట్టాకే రూలు మళ్లీ గట్టిగా కదిలింది. 2023 మోడళ్ల సగటు 27.1.

ఈ పైకీ కిందకీ ఊగడాన్ని రూలు లేకుండా వివరించగలరా?

పన్నుల పంతులు:

కొంతవరకు వివరించగలం. 2004 తర్వాత గ్యాస్ రేటు కూడా బాగా పెరిగింది, ఆ సంగతి వదిలేశారు. అయినా నా అభ్యంతరం వేరు. మైలేజీ రూలు కొత్త బండికే వర్తిస్తుంది. అమెరికా రోడ్ల మీద తిరిగే బండి సగటు వయసు 12 ఏళ్ల పైమాటే. అంటే ఈరోజు రూలు బిగించినా, దాని ఫలితం మొత్తం రోడ్ల మీద కనబడటానికి ఒకటిన్నర దశాబ్దం పడుతుంది. గ్యాస్ మీద పన్ను వేస్తే పాత బండీ కొత్త బండీ అన్నీ రేపటి నుంచే లెక్కలోకి వస్తాయి. ఎవరెంత తిరిగితే అంత కడతారు.

పైగా రూలుకి ఇంకో చిక్కుంది. మైలేజీ పెరిగితే మైలుకి అయ్యే ఖర్చు తగ్గుతుంది, కాబట్టి జనం ఇంకాస్త ఎక్కువ తిరుగుతారు. ఆదాలో 10 నుంచి 20 శాతం ఇలా ఆవిరవుతుందని ప్రభుత్వ సంస్థలే తమ లెక్కల్లో వాడుకున్నాయి. ఫెడరల్ గ్యాస్ పన్ను గ్యాలన్‌కి 18.4 సెంట్లు, 1993 నుంచి కదల్లేదు. అసలు చర్చ దాని మీద జరగాలి.

ట్రక్కు బాబాయ్:

పంతులుగారూ, మీరు నా పక్షమనుకున్నా! పన్ను కూడా వద్దు నాకు.

రెంచి:

బండ్ల విడిభాగాల కంపెనీలో ఇంజినీరుగా పనిచేస్తున్నాను, కాబట్టి రూలు కాగితం మీద ఒకలా, మా డ్రాయింగుల మీద ఇంకోలా ఎలా దిగుతుందో చెప్తాను.

మొదటి నుంచీ ఈ రూల్లో రెండు బుట్టలున్నాయి, కార్లు ఒకటి, లైట్ ట్రక్కులు (పికప్‌లు, వ్యాన్లు, చాలా ఎస్‌యూవీలు) ఒకటి. రైతులు, మేస్త్రీలు వాడే బండ్లు కదా అని ట్రక్కుల లక్ష్యం తక్కువ పెట్టారు, 1990ల చివర్లో కార్లకి 27.5 అయితే వాటికి 20.7. ఇంత తేడా కనబడితే కంపెనీలు ఊరుకుంటాయా? క్రైస్లర్ పీటీ క్రూజర్ చూడటానికి ముచ్చటైన చిన్న కారు, కానీ వెనక సీట్లు తీసేస్తే నేల చదునుగా ఉంటుంది కాబట్టి కాగితాల్లో అది ట్రక్కు. సుబారు 2005 మోడల్ ఔట్‌బ్యాక్‌ని నేల నుంచి కాస్త పైకి లేపి, ట్రక్కుల లెక్కలోకి మార్చుకుంది. ఇప్పటికీ అంతే. ఒకే చిన్న ఎస్‌యూవీని ముందు చక్రాలతో మాత్రమే నడిచేలా కొంటే అది కారు, పక్కనే ఉన్న ఆల్ వీల్ డ్రైవ్‌ది (నాలుగు చక్రాలతోనూ నడిచేది) కొంటే ట్రక్కు. ఒకే ఫ్యాక్టరీ, ఒకే లైను, ఒకే రంగు.

బండి, లోడు కలిపి 8,500 పౌండ్ల పైన బరువు రేటింగ్ ఉన్నవాటికి చాలాకాలం ఈ రూలే లేదు. బాబాయ్ అడిగిన హమ్మర్ హెచ్2 తప్పించుకుంది అక్కడే. రూలు దాన్ని ఆపలేకపోయిందని కాదు, అసలు ముట్టుకోలేదు. తక్కువ మైలేజీ ఇచ్చే బండ్ల మీద 1978లో తెచ్చిన గ్యాస్ గజ్లర్ పన్ను కూడా 22.5 కన్నా తక్కువిచ్చే కార్లకే. ఎస్‌యూవీలకీ పికప్‌లకీ సున్నా. దీనికితోడు బయటి దేశాల పికప్‌ల మీద 1960ల నాటి 25 శాతం సుంకం. అంటే పెద్ద బండ్లు చేసుకోండని మూడు వైపుల నుంచీ దారి వేసి, ఇప్పుడు ప్రతి ఐదు కొత్త బండ్లలో దాదాపు నాలుగు ట్రక్కులో ఎస్‌యూవీలో అయితే, జనం అభిరుచి అంటున్నాం.

అలాగని రూలు పనికిరానిదనడం లేదు. 2015లో ఫోర్డ్ ఎఫ్-150కి అల్యూమినియం బాడీ వేసి 700 పౌండ్ల దాకా బరువు తగ్గించింది. బాబాయ్ లాగే ట్రైలర్‌కి ఏ లోటూ రాలేదు. టర్బోలు, పది గేర్ల గేర్‌బాక్సులు, సిగ్నల్ దగ్గర వాటంతటవే ఆగి మళ్లీ స్టార్టయ్యే ఇంజిన్లు, ఇవన్నీ షోరూములో కస్టమర్ అడిగి చేయించుకున్నవి కావు. (ఆ ఆగిపోయే ఇంజిన్‌ని తిట్టనివాళ్లు లేరనుకోండి.) రూలు నిద్రపోయిన రోజుల్లో టెక్నాలజీ అంతా గుర్రపు శక్తిలోకి పోయింది. 1980ల మొదట్లో సగటు నూరు హార్స్‌పవర్‌కి కాస్త పైన ఉండేది, ఇప్పుడు 250 దాటింది.

ఇంకో మాట. ఆ 50.4 ల్యాబ్ అంకె, 1970ల నాటి టెస్టు పద్ధతిలో కొలిచేది. కారు అద్దం మీద స్టిక్కర్ అంకె దానికన్నా బాగా తక్కువ ఉంటుంది. కాబట్టి 50 అసాధ్యం అని గోల పెట్టేవాళ్లు ఏ అంకె గురించి మాట్లాడుతున్నారో చూసుకోవాలి.

లెక్కల టీచర్:

రెంచి గారు చెప్పినదానికి చిన్న లెక్క జోడిస్తాను. ఇద్దరూ ఏడాదికి 12,000 మైళ్లు తిరుగుతారనుకోండి. ఒకరు 30 ఇచ్చే కారు వదిలి 40 ఇచ్చేది కొన్నారు. 400 గ్యాలన్లు 300 అయ్యాయి, ఆదా 100. ఇంకొకరు 12 ఇచ్చే ట్రక్కు వదిలి 15 ఇచ్చే ట్రక్కు కొన్నారు. 1,000 గ్యాలన్లు 800 అయ్యాయి, ఆదా 200. పది మైళ్ల పెరుగుదల కన్నా మూడు మైళ్ల పెరుగుదలకి రెట్టింపు ఆదా!

గ్యాలన్‌కి ఎన్ని మైళ్లు అని కొలవడం వల్ల మన కళ్లు ఇలా మోసపోతాయి. నూరు మైళ్లకి ఎన్ని గ్యాలన్లు అని కొలిస్తే వెంటనే తెలిసిపోతుంది. స్టిక్కర్ మీద ఆ అంకె కూడా ఉంటుంది, చిన్న అక్షరాల్లో. నన్నడిగితే కార్లని వదిలేసినా పరవాలేదు, ట్రక్కుల్ని మాత్రం వదలకూడదు. మనం చేసింది సరిగ్గా తలకిందులు.

ట్రక్కు బాబాయ్:

టీచరుగారూ, లెక్క బాగుంది, కాదనను. మరి ప్రాణాల లెక్కో? నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2002లో ఇచ్చిన నివేదిక ప్రకారం, బండ్లు చిన్నవై తేలికవడం వల్ల ఒక్క 1993లోనే 1,300 నుంచి 2,600 మంది అదనంగా చనిపోయి ఉంటారు. ఆ రూలు రాసినవాళ్లు దీనికేమంటారు?

రెంచి:

ఆ కమిటీలోనే ఇద్దరు సభ్యులు ఆ అంకెతో విభేదించి విడిగా రాశారు. అదే నివేదికలో, రూలు లేకపోతే బండ్ల ఇంధన వాడకం సుమారు 14 శాతం ఎక్కువుండేదని కూడా ఉంది. ప్రాణాల సంగతి తేలిగ్గా తీసేయడానికి కాదు. ఆ విమర్శ వల్లే తర్వాత రూలు మార్చారు. ఇప్పుడు లక్ష్యం బండి సైజుని బట్టి, అంటే నాలుగు చక్రాల మధ్య చోటుని బట్టి మారుతుంది. బండిని చిన్నది చేసినంత మాత్రాన కంపెనీకి లాభం లేదు. కాకపోతే ఇప్పుడు రివర్స్‌లో, బండిని పెద్దది చేస్తే లక్ష్యం తేలికవుతుంది. ఒక కన్నం పూడిస్తే పక్కన ఇంకోటి.

వ్యాన్ అమ్మ:

ఇంతసేపూ చదివాను. అందరూ కొత్త బండి కొనేవాళ్లలా మాట్లాడుతున్నారు. మేం ఎప్పుడూ పాతదే కొంటాం, ఇప్పుడున్న మినీవ్యాన్ కూడా మా చేతికి మూడో యజమానిగా వచ్చింది. షోరూములో ఏ బండి అమ్ముడుపోవాలో మాలాంటివాళ్లు తేల్చరు. డబ్బున్నవాళ్లు గ్యాస్ చవకగా ఉన్నరోజుల్లో సరదాపడి కొన్న బండి, పదేళ్ల తర్వాత గ్యాస్ మండిపోయే రోజుల్లో మా ఇంటికొస్తుంది. దాని మైలేజీ ఎంతో వాళ్లు అప్పుడే రాసేశారు, బిల్లు మాత్రం మేం కట్టాలి.

పంతులుగారు పన్ను వేయమంటున్నారు. సరే, వేస్తే రేపటి నుంచే పనిచేస్తుందన్నారు. ఎవరి మీద? పిల్లల్ని స్కూల్లో దింపడం మానలేం, ఉద్యోగానికి వెళ్లడం మానలేం. వేరే బండి కొనడానికి డబ్బు లేదు. మీ లెక్కలో మేం ఏం తగ్గించుకోవాలండీ?

పన్నుల పంతులు:

అమ్మా, ప్రశ్న న్యాయమైనదే. పన్ను సొమ్ముని ఇంటింటికీ సమానంగా తిరిగి పంచితే తక్కువ తిరిగేవాళ్లకి మిగులే ఉంటుంది. మీలా తప్పనిసరిగా తిరిగేవాళ్లకి అది పూర్తిగా సరిపోదని ఒప్పుకుంటాను. గ్యాస్ గజ్లర్ పన్నుని ఎస్‌యూవీలకి కూడా పెట్టి, ఆ డబ్బుని మంచి మైలేజీ బండ్లకి తగ్గింపుగా ఇస్తే అది కొత్త బండి కొనేవాడి మీదే పడుతుంది. దానికి నాకు అభ్యంతరం లేదు. కానీ జరిమానా లేని రూలుని పట్టుకుని దాని అంకె 50 ఉండాలా 34 ఉండాలా అని కొట్టుకోవడం మాత్రం వృథా.

సాయంకాలం డ్రైవర్:

జరిమానా లేదు కాబట్టి అంకె వృథా అంటే, జరిమానా తిరిగి పెట్టమని అడగాలి గానీ రూలు వదిలేయమని కాదు కదా. ఇంకొకటి పంతులుగారూ. 1993 నుంచి గ్యాలన్‌కి ఒక్క సెంటు పెంచే ధైర్యం చేయని కాంగ్రెస్, పన్ను పెంచి, వసూలు చేసి, దాన్ని ఇంటింటికీ పంచుతుందని మీరు నిజంగా నమ్ముతున్నారా?

ట్రక్కు బాబాయ్:

నేను నమ్మను. ఆ ఒక్క విషయంలో డ్రైవర్‌తో ఏకీభవిస్తున్నా. రెంచీ, ఆ ఆల్ వీల్ డ్రైవ్ కిటుకు తీసేస్తే మా పికప్‌ల లక్ష్యం మారుతుందా, మారదా? అది చెప్పు ముందు.

రెంచి:

మారదు బాబాయ్. మీ ట్రక్కు ట్రక్కుగానే ఉంటుంది. సూపర్ మార్కెట్‌కి వెళ్లొచ్చే ఎస్‌యూవీలు కార్ల బుట్టలోకి వస్తాయి, అంతే. అలా వస్తే ఎక్కువ కేకలు వేసేది మీరు కాదు, మేమే.