పొగాకు వ్యతిరేక విద్యార్థి క్లబ్బులు: పనిచేశాయో లేదో దేన్ని బట్టి చెప్పాలి?

అడయారు_సుధ: మన తెలుగు సంఘం తరఫున చెన్నైలో రెండు బడుల్లో క్లబ్బులు నడిపాం. ర్యాలీ, పోస్టర్లు అయ్యాయి. క్విజ్‌లో మార్కులు పెరిగాయి. కొనసాగించడానికి ఇది చాలదా?

లెక్కల_మాస్టారు: చాలదండీ. క్విజ్ చెప్పేది తెలివిడి, అలవాటు కాదు. ‘గత 30 రోజుల్లో ఒక్కసారైనా వాడావా’ అని సిగరెట్టు, బీడీ, నమిలే పొగాకు విడివిడిగా అడగాలి. క్లబ్బుకు ముందొకసారి, తర్వాతొకసారి అడగాలి. కాగితం మీద పేరు వద్దు, రెండుసార్ల కాగితాలూ జతపడేలా పిల్లలే ఒక గుర్తు రాసుకోవాలి. టీచరు గదిలో ఉంటే నిజం రాయరు. ఆ రోజు బడి ఎగ్గొట్టినవాళ్లలోనే వాడేవాళ్లు ఎక్కువ, కాబట్టి వాళ్లకోసం మరో రోజూ పెట్టాలి. పోల్చి చూడడానికి క్లబ్బు లేని బడి కూడా ఉండాలి. 2004-06లో ఢిల్లీ, చెన్నైల్లో 32 బడుల్లో జరిగిన ‘మైత్రి’ అనే పొగాకు నివారణ అధ్యయనంలో, కార్యక్రమం నడిచినచోట వాడకం 17 శాతం తగ్గితే, నడవనిచోట 68 శాతం పెరిగింది. ఆ రెండో అంకె లేకపోతే అసలు లాభం ఎంతో తెలిసేదే కాదు.

రాయపురం_శ్రీను: బడి పక్కన బడ్డీ కొట్టుండగా ఈ ఫారాలెందుకు? 100 గజాల్లోపు అమ్మకూడదని కోట్పా అనే పొగాకు నియంత్రణ చట్టమే ఉంది.

టీనగర్_వాసు: గేటు నుంచి కొలిస్తే ఆ కొట్టు బయటే.

రాయపురం_శ్రీను: గేటు నుంచి కాదు. ప్రహరీ బయటి అంచు నుంచి చుట్టూ కొలవాలి. 91 మీటర్ల పైచిలుకు.

లెక్కల_మాస్టారు: గజాల గొడవ ఇక్కడెందుకు?

రాయపురం_శ్రీను: మీకు కాగితాలే లోకం! పిల్లల చేత ప్లకార్డులు పట్టించారు, ఒక్క నిర్ణయమైనా వాళ్లని చేయనిచ్చారా?

లెక్కల_మాస్టారు: అది మాత్రం నిజం. క్లబ్బు లీడర్లను టీచర్లే ఎంచారు, అందరూ ర్యాంకు పిల్లలే. పొగతాగేవాడు వాళ్ల మాట వినడు. బ్రిటన్‌లో ‘అసిస్ట్’ అనే పొగ నివారణ కార్యక్రమాన్ని 59 బడుల అధ్యయనంలో పరీక్షించారు. 12-13 ఏళ్ల పిల్లల్నే ‘ఎవరి మాటకు విలువిస్తారు’ అని అడిగి, ఎక్కువమంది చెప్పినవాళ్లకు బడి బయట 2 రోజులు శిక్షణ ఇచ్చారు. తర్వాత 10 వారాలు వాళ్లు తోటివాళ్లతో మామూలు కబుర్లలోనే విషయం ఎత్తారు. ప్రసంగాలు లేవు.

టీనగర్_వాసు: అలా ఎంచితే తాగేవాడూ రావచ్చుగా?

లెక్కల_మాస్టారు: రానివ్వాలి.

రాయపురం_శ్రీను: తాగేవాడికి లీడర్ బ్యాడ్జీయా? తల్లిదండ్రులకు ఏం చెబుతారు?

అడయారు_సుధ: గజాలూ ఫారాలూ కాదు, పిల్లల్ని నమ్మాలా వద్దా అన్నదే మీ ఇద్దరి తగాదా.

లెక్కల_మాస్టారు: నేను నమ్మమంటాను. అయితే ‘అసిస్ట్’ ప్రభావం కూడా రెండో ఏటికి పలచబడింది. ఏటా కొత్త తరగతితో మళ్లీ మొదలుపెట్టాలి.

రాయపురం_శ్రీను: సరే, ఎవరిని ఎంచాలో పిల్లలే రాయనివ్వండి. ఆ చీటీలు హెడ్‌మాస్టరు బల్ల మీదకు వెళ్లకూడదు. అదొక్కటే నా షరతు.