సిలికాన్ కార్బైడ్ రింగు పగిలింది: టఫ్‌నెస్ పెంచితే సరిపోతుందా?

కొండపల్లి ఫిట్టర్:
కొండపల్లి పారిశ్రామికవాడలో పంపులు చూస్తాను. బూడిద నీళ్లు తోడే పంపు ఒకటుంది. ఇరుసు పక్క నుంచి నీళ్లు కారకుండా ఆపే మెకానికల్ సీల్‌లో తిరిగే రింగు, తిరగని రింగు రెండూ సిలికాన్ కార్బైడ్ అనే సిరామిక్‌వే. పోయిన నెల సంపు ఖాళీ అయిపోయి పంపు కాసేపు నీళ్లు లేకుండా తిరిగింది. కంగారులో ఎవరో వాల్వు తిప్పేశారు, చన్నీళ్లు పడ్డాయి. టప్‌మని రింగు మూడు ముక్కలైంది. వజ్రానికి దగ్గర గట్టిదనం అంటారు కదా, ఇలా పగలడం ఏంటి? టఫ్‌నెస్ పెంచిన రకాలు వచ్చాయట, నిజమేనా?

పింగాణీ పిల్లోడు, గుంటూరు:
నిజమే అన్నా. నా పీహెచ్‌డీ దీని మీదే. గట్టిదనం వేరు, టఫ్‌నెస్ వేరు. టఫ్‌నెస్ అంటే పగులు పాకకుండా అడ్డుకునే గుణం. రోలు గట్టిదే, అయినా రోకలి అంచుకు తగిలితే పెచ్చు లేచిపోతుంది. మామూలు రకంలో బోరాన్, కార్బన్ కొద్దిగా కలిపి 2100 డిగ్రీల దగ్గర కాలుస్తారు. అందులో పగులు రేణువులను కోసుకుంటూ తిన్నగా పోతుంది. టఫ్‌నెస్ 3 నుంచి 4 మెగాపాస్కల్ రూట్ మీటర్. ఉక్కుకు 50 పైనే ఉంటుంది. బోరాన్‌కు బదులు అల్యూమినా, యిట్రియా అనే ఆక్సైడులు కలిపితే 1900 దగ్గరే అవి కరిగి రేణువుల మధ్యకు చేరతాయి. తర్వాత వేడిలో ఇంకాసేపు ఉంచితే రేణువులు పలకల్లా పొడుగ్గా పెరిగి ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి. పగులు వాటి చుట్టూ తిరిగి తిరిగి పోవాలి. నాకు 6 వచ్చింది. అంటే దాదాపు రెట్టింపు.

ఆటోనగర్ లేతు:
మెటీరియల్‌కేం కాలేదు తమ్ముడూ. డైమండ్ వీల్‌తో రుద్దిన గీతలు అంచు మీద ఉండిపోతే పగులు అక్కడే మొదలవుతుంది. అంచుకు చాంఫర్ కొట్టి, అంటే పదును పోయేలా ఏటవాలుగా రుద్ది, బాగా పాలిష్ చేస్తే సగం గొడవ తీరుతుంది. ముప్ఫై ఏళ్లుగా ఇదే పని నాది.

మిర్చి యార్డు:
మా కోల్డ్ స్టోరేజీ పంపులో ఒక రింగు కార్బన్‌దే వేశాం. ఏ గొడవా లేదు.

కొండపల్లి ఫిట్టర్:
మాది బూడిద నీళ్లండీ. కార్బన్ అరిగిపోతుంది.

రిటైర్డ్ లెక్చరర్:
ఆటోనగర్ ఆయన మాటలో పాయింటుంది. 1920లో గ్రిఫిత్ అనే ఇంజనీరు తేల్చిందీ అదే: పెళుసు పదార్థం బలం అందులో ఉన్న అన్నిటికన్నా పెద్ద లోపం మీద ఆధారపడుతుంది. టఫ్‌నెస్ 3 ఉన్న ముక్కలో అంచు గీత 50 మైక్రాన్ల లోతుంటే, సుమారు 200 మెగాపాస్కల్ ఒత్తిడి దగ్గర పగులుతుంది. ఆ గీతను నాలుగో వంతుకు తగ్గిస్తే బలం రెట్టింపు. కొలిమి మార్చక్కర్లేదు, పొడి మార్చక్కర్లేదు. అది సరే, ఆ 6 ఎలా కొలిచావు బాబూ? వజ్రపు మొనతో నొక్కి వికర్స్ ముద్ర కొట్టి, దాని మూలల నుంచి పాకిన పగుళ్ల పొడవు చూశావా?

పింగాణీ పిల్లోడు:
అవును మాస్టారూ. అందరూ అలాగే కొలుస్తారు.

రిటైర్డ్ లెక్చరర్:
అందరూ చేస్తే సరైపోదు. కడ్డీకి సన్నని నాచ్, అంటే గాడి, కోసి, నాలుగు చోట్ల ఆన్చి వంచి కొలవాలి. ముద్రతో వచ్చే అంకె, లెక్కగట్టే పద్ధతి మారిస్తే మారిపోతుంది.

పింగాణీ పిల్లోడు:
మా ల్యాబులో ఉన్న పరికరం అదొక్కటే. నాచ్ కడ్డీలు బయట చేయించాలంటే ఫెలోషిప్ డబ్బు ఎనిమిది నెలలుగా రాలేదు. నా పేపర్‌ని కూడా ఈ మాటే అని తిప్పి పంపారు. 6 తప్పైతే 5 అనుకోండి. 3 కన్నా ఎక్కువే కదా!

రిటైర్డ్ లెక్చరర్:
ఎక్కువే, కాదనను. కానీ పలకల్లాంటి రేణువులు పగులు కొంత దూరం పాకాకే దాన్ని పట్టుకుంటాయి. పుట్టేటప్పుడు ఆపవు. పైగా పలకలు మరీ పెద్దవైతే అవే లోపాలై బలం తగ్గిస్తాయి. ఇంకొకటి: మధ్యలో ఆక్సైడు చేరితే వేడి పారే గుణం తగ్గుతుంది. ఇక్కడ రింగు పగిలింది వేడెక్కి చన్నీళ్లు పడినందువల్ల. నీ రకం అక్కడ ఇంకా త్వరగా పోవచ్చు.

పింగాణీ పిల్లోడు:
మరి విమాన ఇంజిన్లలో సిలికాన్ కార్బైడ్ పోగులకు బోరాన్ నైట్రైడ్ పూత వేసి ఎందుకు వాడుతున్నారు? పగులు పూత దగ్గర పక్కకు మళ్లి, పోగులు ఊడుతూ పట్టి ఉంచడానికే కదా. టఫ్‌నెస్ అక్కర్లేదంటే ఆ కష్టమంతా ఎందుకు?

ఆటోనగర్ లేతు:
పంపు రింగుకి విమానం ఖరీదా!
అసలు ఆ రింగు ఏ గ్రేడో ఒక్కరూ అడగలేదు. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ రియాక్షన్ బాండెడ్, అంటే కార్బన్ ఉన్న అచ్చులోకి కరిగిన సిలికాన్ ఇంకించి చేసినవి. మెరుస్తూ చిన్న చిన్న చుక్కలుంటాయి, అది మిగిలిపోయిన సిలికాన్. దానికి బోరాన్ కథా లేదు, యిట్రియా కథా లేదు. ఇంకో మాట, బిగించేటప్పుడు అంచు కొట్టుకుని పెచ్చు లేచిన రింగులు చాలా చూశాను. చివరికి వంక పెట్టేది మాత్రం నా పాలిష్‌కే.

కొండపల్లి ఫిట్టర్:
ఇదిగో, ఇదే మాట! మా వాళ్లూ ఇదే అన్నారు. “సిలికాన్ కార్బైడ్ ఊరికే పగలదు, నువ్వే తప్పుగా బిగించావు” అని కాగితం మీద రాసి, రింగు ఖరీదు నా జీతంలో కోశారు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది నేను కాదు. నీళ్లు తగ్గితే పంపు ఆపేసే లెవెల్ స్విచ్ సంపుకి పెట్టమని రెండుసార్లు రాసిచ్చాను. ఇక్కడికొస్తే మీరు 3నా 6ఆ అని కొట్టుకుంటున్నారు. టఫ్‌నెస్ రకం కొంటే మావాళ్లు ఇక స్విచ్ పెట్టరు, అది కూడా పగిలితే మళ్లీ నా మీదే.

పింగాణీ పిల్లోడు:
అన్నా, నేనూ నీ వైపే. మనిషి తప్పు చేస్తాడు, దాన్ని కొంచెం తట్టుకునే వస్తువు ఉండాలనే కదా నా బాధ.

రిటైర్డ్ లెక్చరర్:
మనిద్దరికీ తేడా అక్కడే బాబూ. నీ 6 చూపించి వాళ్లు స్విచ్ మానేస్తారని ఆయన భయం. నా భయం కూడా అదే. ఒకే బ్యాచ్ రింగుల్లోనే ఒకటి ఆగుతుంది, ఒకటి పోతుంది. సిరామిక్ స్వభావం అది. ఫిట్టర్ గారూ, ముక్కలు పారేశారా?

కొండపల్లి ఫిట్టర్:
లేదు సార్, స్టోర్లో ఉన్నాయి.

రిటైర్డ్ లెక్చరర్:
పగిలిన ముఖాన్ని లైటు కింద ఏటవాలుగా పట్టి చూడండి. పగులు మొదలైన చోట చుట్టూ నున్నగా, అద్దంలా ఉంటుంది. అక్కడి నుంచి గరుకు గీతలు విసనకర్రలా విచ్చుకుంటాయి. ఆ చోటు బయటి అంచు పెచ్చు దగ్గరుంటే బిగింపు మాట ఆలోచించాలి. రుద్దుకునే ముఖం మీద సన్నని వేడి పగుళ్లుండి, అక్కడే మొదలైతే ఎండుగా తిరిగినందుకే.

ఆటోనగర్ లేతు:
ఆదివారం తీసుకురా తమ్ముడూ. షాపులో మైక్రోస్కోప్ ఉంది. నా పాలిష్ గీత దగ్గర మొదలైతే అదీ చెప్తాను.

కొండపల్లి ఫిట్టర్:
స్టోరు తాళం మేనేజర్ దగ్గరుంది. ముక్కలు ఎందుకని అడిగితే ఏం చెప్పను?

మిర్చి యార్డు:
పేపర్‌వెయిట్‌కని చెప్పు బాబాయ్.