పిల్లలతో ఉస్మానియా బిస్కెట్లు: ఓవెన్‌లో పెట్టగానే పరుచుకుపోతున్నాయి, ఏం మార్చాలి?

ఎనిమిదేళ్ల పాప, ఐదేళ్ల బాబుతో కలిసి ఆదివారాలు ఇంట్లో ఉస్మానియా బిస్కెట్లు చేస్తున్నాం, కానీ ఓవెన్‌లో పెట్టిన ఐదారు నిమిషాలకే పలచగా పరుచుకుని ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. అంచులు మాడుతున్నాయి, మధ్యలో మాత్రం మెత్తగానే ఉంటోంది.

మైదా 125 గ్రాములు, వెన్న 100, పంచదార పొడి 60, కస్టర్డ్ పౌడర్, పాలపొడి రెండేసి చెంచాలు, బేకింగ్ పౌడర్ అర చెంచా, చిటికెడు ఉప్పు, కుంకుమపువ్వు నానబెట్టిన పాలు ఒక చెంచా. చిన్న ఓటీజీ (కరెంటు ఓవెన్), 180 డిగ్రీలు, పది నిమిషాలు ముందే వేడి చేస్తాను, కింద పైన రెండు రాడ్లూ ఆన్.

పిండి ముద్దను అరగంట ఫ్రిజ్‌లో పెట్టి చూశాను, బేకింగ్ పౌడర్ సగం చేశాను, లాభం లేదు. వేడి 160కి తగ్గిస్తే ఇంకా ఎక్కువ పరుచుకున్నాయి. అసలే హైదరాబాద్ ఎండలు, పైగా పిల్లలు స్టీలు గ్లాసుతో గుండ్రంగా కోసి, పైన వేలితో పాలు రాసేసరికి ముద్ద జిడ్డుగా చేతికి అంటుకుంటోంది. ఆ కోయడం, పాలు రాయడమే వాళ్లకు పండగ, అది మాత్రం వాళ్ల దగ్గర్నుంచి తీసుకోలేను.

ఆ పని వాళ్లకే వదిలేసి బిస్కెట్ ఆకారం నిలవాలంటే వెన్న తగ్గించాలా, లేక కోశాక ట్రేతో సహా మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టాలా?