అద్దె వస్తుంటే టర్మ్ ఇన్సూరెన్స్ దేనికి?

కొత్త_ఓనర్:
నాకు 34 ఏళ్లు. మూడేళ్ల కిందట 20 ఏళ్ల లోన్ మీద ఫ్లాట్ కొని అద్దెకిచ్చాను, నేను ఆఫీసు దగ్గర వేరే ఇంట్లో అద్దెకుంటున్నా. వచ్చే అద్దె ఈఎంఐలో సగం కూడా కాదు, మిగతాది జీతంలోంచి పోతోంది. మా ఆవిడ ఉద్యోగం చేయట్లేదు, పాపకి రెండేళ్లు. టర్మ్ పాలసీ (గడువులోపు మనం పోతేనే ఇంట్లోవాళ్లకి డబ్బొచ్చేది) తీసుకో అని ఒకరంటే, ఇల్లుంది కదా, అదే ఇన్సూరెన్స్ అని ఇంకొకరు. మా ఆవిడని అడిగితే "నీకేమైనా అయితే ఇల్లమ్మేసుకుంటాలే" అని నవ్వేసింది. నిజంగా అంత తేలికా?

రెండిళ్ల_పెద్దాయన:
అక్కర్లేదు బాబూ. టర్మ్‌లో గడువు దాటి బతికుంటే పైసా తిరిగిరాదు. ఆ ప్రీమియం డబ్బే ఏటా లోన్ అసలుకి కట్టెయ్, వడ్డీ తగ్గుతుంది. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఈరోజు పెద్దగా కనిపించే కవర్, అంటే మనం పోతే వచ్చే మొత్తం, అలాగే ఉండిపోతుంది, ధరలు ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లకు దాని విలువ సగమే. అద్దె అలా కాదు, ధరలతో పాటు పెరుగుతుంది. కట్టి తీరాలనుకుంటే డబ్బు తిరిగొచ్చే ఎండోమెంట్ కట్టు. నేను ఏటా 10 చొప్పున 20 ఏళ్లు కట్టాను అనుకో, 200కి 300 వచ్చింది. ఒకటిన్నర రెట్లు!

లెక్కల_పిచ్చోడు:
పెద్దాయనా, మీమీద గౌరవంతోనే చెబుతున్నా, ఆ ఒకటిన్నర రెట్లు లెక్కేస్తే ఏడాదికి 3.7 శాతం దగ్గర తేలుతుంది. మీరు చెప్పిన 6 శాతం ధరల పెరుగుదల మీ 300ని కూడా తినేసింది కదా, టర్మ్ కవర్‌ని మాత్రమే తింటుందా?

కొత్త_ఓనర్ బాసూ, ఇల్లమ్మడం గురించి. 9 శాతం వడ్డీ అనుకుంటే 20 ఏళ్ల లోన్‌లో మొదటి 3 ఏళ్లకు అసలులో కరిగేది 6 శాతమే. సగం తీరడానికి దాదాపు 14 ఏళ్లు పడుతుంది, అంటే ఇప్పటినుంచి ఇంకో 11 ఏళ్లు, పాపకి పదమూడేళ్లు వచ్చాక. ఈలోపు నీకేదైనా అయి మీ ఆవిడ ఇల్లు అమ్మితే ముందు లోన్ ఇచ్చినవాళ్లు తీసుకుంటారు, మిగిలిందే ఆమెది. అదీ కొనేవాడు దొరికాక, వారసత్వం కాగితాలు తేలాక. అద్దె మీద నడిపిద్దాం అంటావా, రెండు నెలలు ఖాళీగా ఉంటే ఆ ఏడాది అద్దెలో ఆరో వంతు పోయినట్టే. ఈఎంఐకి మాత్రం ఖాళీ నెలలు ఉండవు.

మధ్యలో_దూరా:
మా ఇంట్లో జరిగింది చెబుతా. నాన్న పోయేనాటికి ఒక పోర్షన్ అద్దెకుంది, పాలసీ లేదు, అద్దె ఉందిగా అనే ధీమా. ఆ అద్దె పడేది నాన్న ఒక్కడి పేరు మీదున్న అకౌంట్లో, అది ఆగిపోయింది. రెండో నెలలో అద్దెకున్నాయన వచ్చి తాళంచెవులు టేబుల్ మీద పెట్టి, చాలా మర్యాదగానే, అడ్వాన్స్ ఇస్తే వెళ్తానమ్మా అన్నాడు. ఆ అడ్వాన్స్ నాన్న ఎప్పుడో వాడేశాడు. అమ్మ చాలాసేపు ఆ చెవులగుత్తి వైపే చూస్తూ కూర్చుంది. చివరికి మామయ్య దగ్గర తెచ్చి ఇచ్చాం, ఆయన ఖాళీ చేశాక చూస్తే బాత్రూం గోడంతా తడి, పైపు మార్చి రంగులు వేయకపోతే కొత్తవాళ్లు రారు. ఆదాయం అనుకున్న ఇల్లే ముందు మా దగ్గర డబ్బడిగింది.

రెండిళ్ల_పెద్దాయన:
అయ్యో, బాధాకరమే. కానీ అందులో సగం జాయింట్ అకౌంట్ పెట్టుకుంటే తీరేది, అడ్వాన్స్ ముట్టుకోకుండా ఉంటే మిగతా సగం తీరేది. దానికి ఇన్సూరెన్స్ ఏం చేస్తుంది?

మధ్యలో_దూరా:
మామయ్య దగ్గరికి వెళ్లే పని తప్పేదండీ. మిగతావి మీరన్నట్టే మా తప్పులు.

లెక్కల_పిచ్చోడు:
జాయింట్ అకౌంట్, అడ్వాన్స్ సంగతి పెద్దాయన చెప్పింది వందశాతం కరెక్ట్. ఆయనకి టర్మ్ అక్కర్లేదనేది కూడా నిజమే, ఎందుకంటే లోన్లు తీరిపోయాయి, పిల్లలు సంపాదిస్తున్నారు, ఆయన జీతం మీద ఎవరూ ఆధారపడి లేరు. కొత్త_ఓనర్‌వి మూడూ దీనికి రివర్స్. ఫ్లాట్ తన అద్దె తాను తెస్తుంది, నీ జీతాన్ని తేలేదు. ఆగిపోయేది ఆ జీతమే.

ఎంతకి తీసుకోవాలంటే, మిగిలిన లోన్, పాప తన కాళ్ల మీద నిలబడేదాకా ఇంటి ఖర్చు, చదువు కలిపి, చేతిలో ఉన్న పొదుపు తీసెయ్. ధరలు పెరుగుతాయి కాబట్టి కాస్త ఎక్కువే వేసుకో. ఇక లోన్‌తో పాటు అంటగట్టే ఇన్సూరెన్స్ నీకు ఉందేమో కాగితాలు తిరగేసి చూడు. చాలావాటిలో లోన్ తగ్గేకొద్దీ కవర్ కూడా తగ్గుతుంది, వచ్చే డబ్బు ముందు లోన్‌కే పోతుంది, ప్రీమియం లోన్‌లో కలిపేస్తే దానికీ నువ్వు వడ్డీ కడుతున్నట్టే. అది ఉందని టర్మ్ మానేయకు.

కొత్త_ఓనర్:
చూశాను, ఉంది, కలిపేశారు కూడా. మూడేళ్లుగా వడ్డీ కడుతున్నా, నాకే తెలీదు 😑 సరే, టర్మ్ ఫారం తెరిచా. ఒక డౌట్. వారానికి రెండు మూడు సిగరెట్లు, అదీ ఫ్రెండ్స్‌తో ఉన్నప్పుడే. స్మోకర్ అని పెట్టగానే ప్రీమియం బాగా పెరిగింది. లేదు అని పెట్టేస్తే?

లెక్కల_పిచ్చోడు:
పెట్టకు. క్లెయిమ్ రోజున సమాధానం చెప్పడానికి నువ్వు ఉండవు, మీ ఆవిడ చెప్పుకోవాలి. దాచినట్టు తేలితే క్లెయిమ్ తిరస్కరించే అవకాశం నువ్వే వాళ్ల చేతికిచ్చినట్టు.

రెండిళ్ల_పెద్దాయన:
ఈ ఒక్కదాంట్లో నేనూ ఇతని వైపే. అడిగింది ఉన్నది ఉన్నట్టు రాసెయ్. నామినీ గడిలో పెళ్లికి ముందు అలవాటుగా అమ్మ పేరు పెడుతుంటారు, అదీ చూసుకో.

కొత్త_ఓనర్:
😄 అమ్మ పేరే పెట్టానండీ, ఇప్పుడే మారుస్తున్నా.