రేడియేషన్ అయ్యాక నోరు తెరుచుకోవట్లేదు, మీ ఇళ్లలో ఎలా ఉంది?

కొత్తపేట_లక్ష్మి:
మా ఆయనకి ఎడమ బుగ్గలో కేన్సర్. ఆపరేషన్ చేసి తొడ నుంచి కండ తెచ్చి వేశారు. తర్వాత 30 సిట్టింగుల రేడియేషన్. అది అయి నెలలు గడిచినా నోట్లోకి చెంచా సరిగ్గా దూరడం లేదు. రాగిజావ, మిక్సీలో వేసిన మజ్జిగన్నం, అంతే. రుచి తెలియట్లేదంటారు. రాత్రిళ్లు నోరు ఎండిపోయి లేచి కూర్చుంటారు. కింద దవడ పన్ను ఒకటి కదులుతోంది, తీయించేయనా? ఆటో మళ్లీ ఎప్పుడు నడపొచ్చు? ఇవన్నీ దాటి వచ్చినవాళ్లు చెప్పండి.

గాజువాక_శీను:
అక్కా, ఐస్‌క్రీం పుల్లలు తెప్పించు. పై పళ్లకీ కింది పళ్లకీ మధ్య పట్టినన్ని పుల్లలు దొంతరగా పెట్టి, మధ్యలోకి ఇంకొకటి మెల్లగా దూర్చి అర నిమిషం ఉంచాలి. రోజుకి ఐదారుసార్లు. లాగినట్టు ఉండాలి కానీ ప్రాణం పోయేంత నొప్పి రాకూడదు. ఎన్ని పుల్లలతో మొదలుపెట్టాలో ఫిజియో దగ్గర చూపించుకో. మా తమ్ముడు మొదట్లో పుల్లలు విసిరికొట్టేవాడు. ఇప్పుడు ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుంటున్నాడు. మానేస్తే మాత్రం మళ్లీ బిగుసుకుంటుంది. రేడియేషన్ ఆగినా కండ గట్టిపడటం ఆగదు.

నెల్లూరు_రమణ:
కదిలే పన్ను ఉంచుకుని ఏం లాభం అమ్మా, తీయించేయండి. మా మామయ్యకి రేడియేషన్ అయ్యాక మా వీధి డాక్టరే ఐదు నిమిషాల్లో తీసేశారు. ఏమీ కాలేదు.

పంటి_డాక్టర్_బీవీ:
రమణ గారూ, ఇలాంటి సలహా రాయకండి. రేడియేషన్ పడిన దవడ ఎముకకి రక్తం సరిగ్గా అందదు. ముఖ్యంగా కింది దవడకి 60 గ్రే (రేడియేషన్ మోతాదుని గ్రేలలో కొలుస్తారు), ఆపైన పడితే, పన్ను పీకిన గుంట మానకుండా ఎముక బయటపడే ప్రమాదం ఉంది. 30 సిట్టింగులంటే మామూలుగా రోజుకి 2 గ్రే చొప్పున సరిగ్గా 60. అందుకే పాడైన పళ్లను రేడియేషన్‌కి రెండు మూడు వారాల ముందే తీసేస్తాం. ఇలాంటి కేసులు కళ్లారా చూసినవాణ్ని, ఊరికే చెప్పడం లేదు.

నెల్లూరు_రమణ:
డాక్టర్లు అన్నిటికీ భయపెడతారు. మా మామయ్య ఇప్పుడు మటన్ తింటున్నాడు.

పంటి_డాక్టర్_బీవీ:
ఆయనకి రేడియేషన్ ఎక్కడ ఇచ్చారు?

నెల్లూరు_రమణ:
స్వరపేటికకి.

పంటి_డాక్టర్_బీవీ:
స్వరపేటిక వరకే ఇచ్చి ఉంటే పళ్ల దాకా దాదాపు వెళ్లనే వెళ్లదు. బుగ్గ కేసు వేరు, అది వేరు.

వరంగల్_సునీత:
మా అమ్మకి రేడియేషన్ అయిందని కూడా అడక్కుండా ఒక క్లినిక్‌లో పన్ను పీకేశారు. గుంట మానలేదు. చీము, తర్వాత తెల్లగా ఎముక కనిపించింది. చివరికి దవడ ముక్క తీసేయాల్సి వచ్చింది. రమణ గారూ, అమ్మ గదిలోకి వెళ్తే వచ్చే ఆ వాసన మీకు తెలియదు. తెలిస్తే "ఏమీ కాలేదు" అని రాయరు.

నెల్లూరు_రమణ:
మా ఇంట్లో జరిగిందే రాశానండీ, అబద్ధం కాదు. నన్ను తిడితే మీ అమ్మగారి దవడ తిరిగొస్తుందా?

వరంగల్_సునీత:
ఆ మాట అనడానికి మీకు నోరెలా వచ్చింది?

టెక్కలి_మాస్టారు:
గొడవ ఆపండి బాబూ. మా శ్రీకాకుళం వైపు చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది, ముఖ్యంగా ఆడవాళ్లలో. మా పిన్నికి అంగిట్లో వచ్చింది. అంగిలి కొంత తీసేశాక నీళ్లు తాగితే ముక్కులోంచి కారేవి, మాట ముక్కుతో వచ్చేది. అంగిటికి ప్లేటు చేయించాక అన్నం మింగుతోంది, ఫోన్లో మాట అర్థమవుతోంది. కానీ దొంగచాటుగా మళ్లీ చుట్ట వెలిగిస్తోంది. మానిపించిన వాళ్లెవరైనా ఉన్నారా?

గాజువాక_శీను:
మాస్టారూ, దానికి వేరే చర్చ పెట్టండి, నేనూ వస్తాను. ముందు అక్క అడిగింది చూద్దాం. అక్కా, మెడలో గడ్డలు కూడా తీశారా? తీసుంటే ఎడమ చెయ్యి భుజం పైకి లేస్తోందా? మెడ ఆపరేషన్‌లో భుజాన్ని లేపే నరం దెబ్బతినొచ్చు. మా వాడు చొక్కా తొడుక్కోలేకపోయాడు. చెయ్యి లేవకుండా ఆటో హ్యాండిల్ పట్టుకోవద్దు.

కొత్తపేట_లక్ష్మి:
తీశారు తమ్ముడూ. భుజం జారినట్టే ఉంది, పడుకున్న తీరు వల్లేమో అనుకున్నాం. సరే, పన్ను ముట్టుకోం. రుచి గురించి ఎవరూ చెప్పలేదు.

పంటి_డాక్టర్_బీవీ:
రుచి చాలామందికి నెలల మీద వస్తుంది, కొందరికి ఏడాది పడుతుంది. ఎండిపోవడం లాలాజల గ్రంథుల వల్ల, అది పూర్తిగా తగ్గకపోవచ్చు. నీళ్ల సీసా పక్కనే ఉంచండి. గోరువెచ్చని నీళ్లలో కాస్త ఉప్పు, వంటసోడా కలిపి పుక్కిలించమనండి. ఫ్లోరైడ్ పేస్టు తప్పనిసరి. లాలాజలం లేని నోట్లో పళ్లు చాలా త్వరగా పుచ్చుతాయి. కదిలే పన్ను సంగతి రేడియేషన్ ఇచ్చిన డాక్టరుతో మాట్లాడాకే.

నెల్లూరు_రమణ:
డాక్టర్ గారూ, మా మామయ్య ఈమధ్య ఎప్పుడు చూసినా మత్తుగా పడుకుంటున్నాడు, ఎండలోనూ చలి అంటాడు. అదీ దీనివల్లేనా?

పంటి_డాక్టర్_బీవీ:
మెడకి రేడియేషన్ పడింది కాబట్టి థైరాయిడ్ తగ్గి ఉండొచ్చు. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించి చూపించండి. బాగున్నా ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చేయిస్తూ ఉండాలి. లక్ష్మి గారూ, మీ ఆయనకి కూడా.