తెల్లబట్టకు మెడికల్ షాపు మాత్ర చాలా? ఆస్పత్రికి పోవాల్సిందేనా?

కందుకూరు వదిన
మా ఆడబిడ్డకు పది రోజులుగా తెల్లబట్ట అవుతోంది. కింద విపరీతమైన దురద, మూత్రానికి పోతే మంట. మా అత్త వేడి చేసిందని సబ్జా నీళ్లు, బార్లీ తాగిస్తోంది. మెడికల్ షాపులో అడిగితే 150 ఎంజీ మాత్ర ఒక్కటి చాలన్నారు. ఒంగోలు పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, పైన బస్సు ఖర్చు. ఆ మాత్ర వేయించవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

కావలి మందులన్న
ఇరవై రెండేళ్లుగా షాపు నడుపుతున్నానమ్మా. విరిగిన పెరుగులా గడ్డలుగా, దురదతో, వాసన లేకుండా అవుతుంటే అది ఫంగస్. ఫ్లూకొనజోల్ 150 ఒక్కటి మింగాలి, లేదా క్లోట్రిమజోల్ మాత్ర ఆరు రాత్రులు లోపల పెట్టుకోవాలి. రెండు మూడు రోజుల్లో తేడా తెలుస్తుంది. ఇంతదానికి కూలి పోగొట్టుకుని ఒంగోలు ఎందుకు?

టంగుటూరు అక్క
అన్నా, వాసన సంగతి ఆమె చెప్పనే లేదు. లేదని మీరే రాసుకున్నారు. నేను చచ్చిపోయింది అక్కడే.

నేను పొగాకు గ్రేడింగుకు పోతాను. నాకు పల్చగా, బూడిద రంగులో అయ్యేది. చేపల నీచు వాసన. దురద పెద్దగా లేదు. షాపులో తెల్లబట్ట అనగానే మీరు చెప్పే ఆ 150 మాత్రే చేతిలో పెట్టారు. తగ్గలేదు. మళ్లీ పోతే మళ్లీ అదే. మూడోసారీ అదే. ఎనిమిది నెలలు! పక్కన కూర్చున్నవాళ్లకు వాసన తగులుతుందేమోనని గోడవారన ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. సబ్బు నీళ్లతో లోపలిదాకా కడిగితే ఇంకా ఎక్కువైంది. చివరికి ఆస్పత్రిలో చూసి ఇది ఫంగస్సే కాదన్నారు. మెట్రోనిడజోల్ 400, పూటకొకటి, రోజుకు రెండు, ఏడు రోజులు. వారానికి వాసన పోయింది.

కావలి మందులన్న
నీచు వాసన అని షాపులో చెప్పారా లేదా? అది చెప్పండి ముందు.

టంగుటూరు అక్క
చెప్పలేదు. అడిగారా?

ఉదయగిరి కుర్రోడు
మా ఊళ్లో మెడికల్ షాపు కూడా లేదు, ఉన్నది ఆర్ఎంపీ ఒక్కడే. మీరు ఒంగోలు, కావలి అని కొట్టుకుంటున్నారు.

కోవూరు పెద్దమ్మ
మా కాలంలో సబ్జాతోనే తగ్గేది.

రిటైర్డ్ స్టాఫ్ నర్సు
పెద్దమ్మా, సబ్జా తాగితే నష్టం లేదు, కానీ ఇది వేడి వల్ల వచ్చేది కాదు. కొంత తెల్లబట్ట ప్రతి ఆడమనిషికీ సహజం. నెల మధ్యలో జిగటగా, సాగేలా ఉంటుంది. గర్భంలో ఎక్కువవుతుంది. దురద, మంట, వాసన లేకుంటే దానికి మందే అక్కర్లేదు.

లోపల లాక్టోబాసిల్లస్ అనే మంచి సూక్ష్మజీవులు ఉంటాయి. అవి అక్కడ పులుపుదనాన్ని నిలబెడతాయి. టంగుటూరు అమ్మాయి లాగా లోపలిదాకా కడిగితే అవే పోతాయి. బయట మామూలు నీళ్లు చాలు. ఆ మంచివి తగ్గి వేరేవి పెరిగితే నీచు వాసన వస్తుంది, భార్యాభర్తలు కలిసిన తర్వాత, నెలసరప్పుడు ఇంకా ఎక్కువ. ఫంగస్ మందు దానికి పనిచేయదు. మూడోది ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి వల్ల వచ్చేది. పసుపు పచ్చగా, నురుగుతో, వాసనతో అవుతుంది. అది కలయిక వల్ల అంటేది కాబట్టి భార్యాభర్తలిద్దరూ మందు వాడాలి, అది అయ్యేదాకా దూరంగా ఉండాలి.

ఇవి పుస్తకంలో ఉన్నంత విడిగా మనిషిలో ఉండవు, ఒక్కోసారి రెండూ కలిసి ఉంటాయి. 2002లో అమెరికాలో, ఫంగస్ అనుకుని సొంతంగా షాపులో మందు కొన్న 95 మంది ఆడవాళ్లను పరీక్షిస్తే, ఒట్టి ఫంగస్ ఉన్నది మూడో వంతు మందికే.

కావలి మందులన్న
మేడమ్, సర్కారు ఆస్పత్రుల్లోని సురక్షా క్లినిక్‌లో ఇలాంటి జబ్బులకు ఇచ్చే ఆకుపచ్చ మందుల కిట్‌లో ఏముంటుందో మీకు తెలుసు. నీచు వాసనకు సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫంగస్‌కు ఫ్లూకొనజోల్ 150. రెండూ కలిపి, ల్యాబు రిపోర్టు లేకుండానే ఇస్తారు. సర్కారు ఇస్తే వైద్యం, నేనిస్తే తప్పా?

రిటైర్డ్ స్టాఫ్ నర్సు
ల్యాబు లేకుండా ఇస్తారు, నిజమే. అడగకుండా ఇవ్వరు. పొత్తికడుపు నొప్పి ఉందా, జ్వరం ఉందా, రక్తం కలుస్తోందా, నెల తప్పిందా అని అడుగుతారు. వీలైనచోట లోపల పరికరం పెట్టి చూస్తారు. నొప్పీ జ్వరం ఉంటే అది గర్భసంచి దాకా పోయిందేమో చూడాలి, దానికి కిట్ వేరు. ముట్లు ఆగిన తర్వాత రక్తంతో కలిసి అవుతుంటే క్యాన్సర్ పరీక్ష చేయించాలి. గర్భంలో ఫ్లూకొనజోల్ మింగించకూడదు. మెట్రోనిడజోల్ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనిది, ఆ సంగతి మీకూ తెలుసు.

కోవూరు చెల్లి
మా అమ్మకు ఏడాదిలో నాలుగుసార్లు ఫంగస్ వచ్చింది. ప్రతిసారీ అదే మాత్ర. చివరికి సుగరు చూపిస్తే 300 దాటింది. సుగరు అదుపులోకి వచ్చాక మళ్లీ రాలేదు.

అల్లూరు రమ్య
మా ఆయన నాకెందుకు మాత్రలు, నేనేం తప్పు చేశానని వాడలేదు. నాకు మూడు నెలలకోసారి తిరగబెడుతోంది. నీచు వాసనకు కూడా మగవాళ్లు వాడాలా నర్సమ్మా?

రిటైర్డ్ స్టాఫ్ నర్సు
మేము చదువుకున్నప్పుడు అక్కర్లేదనేవాళ్లు. 2025లో ఆస్ట్రేలియా పరిశీలన ఒకటి వచ్చింది. ఆడవాళ్లకే మందు ఇస్తే 12 వారాల్లో 63 శాతం మందికి తిరగబెట్టింది. మగవాళ్లకు కూడా మాత్రలు, పూతమందు ఇస్తే 35 శాతానికి తగ్గింది. ఎవరో తప్పు చేశారని దానర్థం కాదు. నీ డాక్టరును ఈ మాట అడుగమ్మా. ఒట్టి ఫంగస్ అయితే ఆయనకు దురద ఉంటేనే మందు.

కావలి మందులన్న
అందరూ షాపువాణ్ణే అంటున్నారు. టంగుటూరు అక్క మొదటిరోజే ఆస్పత్రికి ఎందుకు పోలేదు? ఎవరాపారు? ఎనిమిది నెలలు ఊరుకుని నా మీద పడితే ఎట్లా?

టంగుటూరు అక్క
పోయాను. షాపుకు రాకముందే పోయాను. ఏ ఊరని అడగొద్దు. ఓపీలో తలుపు తీసే ఉంది, వరుసలో ఇరవై మంది నా వెనకే నిలబడి ఉన్నారు. "ఏంది, తెల్లబట్టా? మీ ఆయన బయట తిరుగుతాడా?" అని అందరికీ వినపడేట్టు అడిగారు. వరుసలో మా వీధి మనిషి ఉంది. సాయంత్రానికి మా అత్తకు తెలిసింది. మా ఆయన నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఆ తర్వాత షాపుకు వచ్చాను. కౌంటరు లోపల ఇద్దరు మగపిల్లలు, బయట బీపీ మాత్రలకు వచ్చిన మగవాళ్లు. తెల్లబట్ట అన్న ఒక్క మాటే గొంతులో సగం ఆగింది. నీచు వాసన అని ఎట్లా చెప్పమంటారు? నేను మందు గురించి మీతో కొట్లాడటం లేదన్నా. నోరు తెరిచే చోటు నాకెక్కడుంది, అది చెప్పండి.

ఉదయగిరి కుర్రోడు
మా అక్క కూడా ఇట్లాగే దాచుకుంది.

కందుకూరు వదిన
నర్సమ్మ నెల తప్పిందా అని అడుగుతారంటే, రాత్రి ఆడబిడ్డను పక్కకు పిలిచి అడిగాను. నెల తప్పి పన్నెండు రోజులైందంట. ఎవరికీ చెప్పలేదు. మాత్ర కొని గూట్లో పెట్టాను, ఇంకా వేయలేదు.

రిటైర్డ్ స్టాఫ్ నర్సు
వేయొద్దమ్మా. ముందు మూత్రపరీక్ష చేయించు. గర్భమైతే లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ ఏడు రాత్రులు వాడిస్తారు, అదీ చూశాకే. మీ పీహెచ్‌సీలో ఏఎన్ఎంను కలిస్తే ఒంగోలు దాకా పోవాలో లేదో ఆమే చెబుతుంది.

కావలి మందులన్న
ఆ అమ్మాయి నా షాపుకు వచ్చినా మాత్ర ఇచ్చేసేవాణ్ణి. నెల తప్పిందా అని నేను అడగను. నలుగురిలో ఒక ఆడపిల్లను ఆ మాట ఎట్లా అడగాలో ఇన్నేళ్లలో నాకు తెలియలేదు.

మా ఆవిడ ఇంటర్ చదివింది. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా పక్క గదిలో కూర్చోబెడతాను, ఆడవాళ్లు ఆమెతో మాట్లాడతారు. ఏమేం అడగాలో మేడమ్ రాసిస్తే గోడకు అంటిస్తాను.

టంగుటూరు అక్క
కూర్చోబెట్టండి. వాసన సంగతి మొదట అడగమనండి. ఉందంటే 150 మాత్ర ఇవ్వకుండా ఆస్పత్రికి పంపమనండి.