నెల్లూరులో పెళ్లి బట్టలు, కుట్టుకూలి, బియ్యం, సెలవు షికారు: ఖర్చు ఎక్కడ తగ్గుతుంది?

వేదాయపాళెం_వాసి:
ఇంట్లో నలుగురం. ఇంటర్ చదివే అబ్బాయి, తొమ్మిదేళ్ల పాప. ఫీజులు, కరెంటు బిల్లు మన చేతిలో లేవు. చేతిలో ఉన్నవల్లా బట్టలు, బియ్యం, సెలవు రోజున బయటికి పోవడం. శ్రావణంలో దగ్గరివాళ్ల పెళ్లి ఉంది కాబట్టి ముందు బట్టల సంగతి చెప్పండి. చీర ధర ఒక ఎత్తు, దాని మీద పెట్టే ఫాలు, లైనింగు, కుట్టుకూలి, డ్రైక్లీనింగు ఇంకో ఎత్తుగా ఉంది. వెంకటగిరి అని అమ్మేది నిజంగా మగ్గం మీద నేసిందేనా అని ఎట్టా చూడాలి? పాపకు పట్టు పావడ ఏటా కొత్తది కొనాల్సిందేనా? "తక్కువ కొనండి" అనే సలహా వద్దండీ, కొలతలతో, లెక్కతో చెప్పండి.

మగ్గంగుంట:
చీర సంగతి చెప్తాను. జిల్లాలు మారాక వెంకటగిరి తిరుపతి జిల్లా కిందికి పోయింది గానీ నెల్లూరోళ్లు చీరలకు పోయేది ఇంకా అక్కడికే. జాందానీ అని చెప్పి అమ్మితే ముందు చీర వెనక్కి తిప్పండి. అసలు జాందానీలో నేతగాడు బుటా (చిన్న పువ్వు బొమ్మ) ఉన్నంత మేరే పోగును చేత్తో ఇరికిస్తాడు. ఒక బుటాకీ పక్క బుటాకీ మధ్య వెనక వైపు పోగు ఏమీ వేలాడదు, రెండు వైపులా దాదాపు ఒకేలా శుభ్రంగా ఉంటుంది. మరమగ్గం నకలులో పోగు చీర పన్నా (వెడల్పు) మొత్తం పరిగెత్తుతుంది, తర్వాత దాన్ని మిషన్ మీద కత్తిరిస్తారు. ఆ మొండి కొసలు వెనకవైపు మీసాల్లా నిలబడి ఉంటాయి. అరచేత్తో రాస్తే గరుగ్గా తగులుతాయి, నాలుగు ఉతుకులకు బుటాలు ఊడడం మొదలవుతుంది. ధర మాత్రం మగ్గం చీర ధరే చెప్తారు.

బుటాలు లేని సాదా చీరకు ఈ పరీక్ష పనికిరాదు. దానికి హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ చూడాలి. పట్టుకైతే సిల్క్ మార్క్ లేబుల్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, కొట్లోనే స్కాన్ చేయండి. అది లేకపోతే పల్లూ కొసన వేలాడే పోగులు రెండు అడిగి తీసుకుని కాల్చండి. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. పాలిస్టర్ కరిగి గట్టి నల్ల పూసలా మిగులుతుంది. జరీకీ ఇంతే. ప్లాస్టిక్ జరీ ముద్ద కడుతుంది.

కొనేముందు టేపు పెట్టి కొలిపించండి. చీర 5.5 మీటర్లు, జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు, మొత్తం 6.3 రావాలి. తక్కువొస్తే కుచ్చిళ్లు రెండు తగ్గుతాయి, మళ్లీ జాకెట్టు గుడ్డ విడిగా కొనాల్సొస్తుంది.

శ్రావణం పెళ్లికి ఆషాఢం మొదట్లోనే కొనేయండి. అప్పుడు ముహూర్తాలుండవు, తగ్గింపులు పెడతారు, పైగా టైలర్ చేతిలో పని తక్కువ కాబట్టి తొందర కూలి అడగడు. ధర స్టిక్కర్ మీద ఇంకో స్టిక్కర్ అంటించి ఉంటే కింది దాన్ని చూడకుండా "సగం ధర" అనే మాట నమ్మొద్దు. పండగల ముందు ఆప్కో (చేనేత సహకార సంస్థ కొట్లు) రిబేటు ఇచ్చినప్పుడు నూలు చీరలు, లుంగీలు, దుప్పట్లు అక్కడ చూడడం మంచిది.

సూదీదారం:
అన్నా, చీర దాకా మగ్గంగుంట గారు చెప్పారు. డబ్బులు కారిపోయేది ఆ తర్వాత కుట్టు దగ్గర.

ఫాలు కొన్న రోజే కుట్టడానికి ఇవ్వొద్దు. రాత్రంతా నీళ్లలో నానేసి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి ఇవ్వండి. నూలు ఫాలు మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, చీర అంతగా కుంచించుకోదు. అందుకే అంచు ముడతలు పడి పైకి లాగేస్తుంది. అప్పుడు విప్పి మళ్లీ కుట్టించాలంటే కూలి రెండుసార్లు. లైనింగ్ గుడ్డకూ ఇదే పని. జాకెట్టు బిగుతైపోయిందనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం తడపని లైనింగే.

టైలర్‌కి కత్తెర పెట్టకముందే చెప్పాల్సిన మాట ఒకటుంది: "రెండు పక్కలా అంగుళంన్నర చొప్పున లోపల వదలండి, చేతులకీ వదలండి." చెప్పకపోతే అరంగుళం ఉంచి మిగతాది కోసి ఓవర్‌లాక్ కొట్టేస్తారు, ఇక ఆ జాకెట్టు వదులు చేయడం కుదరదు. జాకెట్టుకు మగ్గం వర్క్ (చేత్తో చేసే ఎంబ్రాయిడరీ) కావాలంటే చీరకొకటి చేయించొద్దు. బంగారు రంగుదో, మెరూన్ రంగుదో ఒక్కటి, అదీ చేతులకీ వెనక మెడకీ మాత్రమే చేయిస్తే మూడు నాలుగు చీరల మీదికి పనికొస్తుంది.

ఇక పాప పావడ. కొత్తది అక్కర్లేదు, కట్టడం మానేసిన పట్టుచీర ఒకటి తీయండి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని మడత గీతల వెంట చూడండి. అక్కడ పోగులు చిట్లి వెలుతురు సన్నగా కారుతుంటే ఆ భాగం వదిలేయాలి. ఎంత బాగా కుట్టినా నెలలో చిరిగేది అక్కడే. తొమ్మిదేళ్ల పిల్లకు నడుము నుంచి మడమ దాకా దాదాపు 30 అంగుళాలు. చీర పన్నా 45 పైమాటే. ఆ మిగిలే 15 అంగుళాలను కోయించొద్దు, పిల్ల ఎదిగేకొద్దీ విప్పుకునేలా మడత కుట్టు వేయించండి. ఘేరుకు (పావడ చుట్టూ వచ్చే గుడ్డకు) మూడు మూడున్నర మీటర్లు పోతుంది, మిగిలిన దాంట్లో జాకెట్టు వస్తుంది.

మడత కుట్టు చాలామంది అంచుకు పైన వేయిస్తారు. రెండేళ్లకు విప్పితే లోపల దాగిన గుడ్డ కొత్తగా, బయటున్నది వెలిసి కనిపిస్తుంది. మడత కుట్టు గీత ఇస్త్రీకి పోదు. అందుకని మడత నడుము దగ్గరే వేయించండి. లోపల చేతుల్లేని నూలు బాడీ కుట్టి, పావడను దానికి తగిలించి, మడత ఆ బాడీ కింద దాగేలా చూడాలి. రెండంగుళాల లోతు మడతలో నాలుగంగుళాల గుడ్డ దాగుతుంది, రెండు మడతలంటే ఎనిమిది. బరువు భుజాల మీద పడుతుంది కాబట్టి నడుముకు నాడా ఒరుసుకోదు. పిల్ల లావైతే ఆ నూలు బాడీ ఒక్కటే మారుస్తారు, పట్టు జోలికి పోనక్కర్లేదు.

బిల్లుచూడు:
అబ్బాయి బట్టల గురించి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెడీమేడ్ బట్ట ఒక్కోటి 2,500 రూపాయల వరకు ఉంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. చూసేది మీరు కట్టే ధరనే. 3,000 రాసిన చొక్కా తగ్గింపు పోను 2,400కి వస్తే దాని మీద 5 శాతమే. తగ్గింపు ఇచ్చి బిల్లులో 18 వేశారేమో చూడండి. ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, దాని పైన ఇంకేదీ వేయకూడదు.

గుడ్డ తీసి కుట్టిస్తే ఇంకా కలిసొస్తుంది, కాకపోతే పన్నా చూసి కొనాలి. ఫుల్ హ్యాండ్ చొక్కాకు 58 అంగుళాల పన్నా అయితే 1.6 మీటర్లు చాలు, 36 పన్నా అయితే రెండున్నర కావాలి. ప్యాంటుకు 58 పన్నాలో 1.2 నుంచి 1.3. ఎదిగే పిల్లాడు కాబట్టి ప్యాంటు కింద రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టమనండి.

సినిమాకైతే టికెట్ వంద రూపాయల వరకు 5 శాతం, పైన 18. పెద్ద సినిమాలకు ప్రభుత్వం ధర పెంచుకోనిచ్చేది మొదటి కొద్ది రోజులకే, ఆ గడువు దాటాక పోండి. ఆన్‌లైన్లో కొంటే టికెట్‌కి ఇంత అని విడిగా ఫీజు పడుతుంది. నలుగురికి నాలుగుసార్లు. కౌంటర్లో అది ఉండదు.

మైపాడు బీచ్ దాదాపు 25 కిలోమీటర్లు, పల్లెవెలుగు బస్సులున్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉండే ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో టికెట్ లేదు, ఆధార్ ఒరిజినల్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. అంటే మీ నలుగురిలో ఇద్దరికే చార్జీ. జొన్నవాడ గుడికైనా ఇదే లెక్క. సూపర్ లగ్జరీలకు, చెన్నై పోయే బస్సులకు ఇది వర్తించదు.

పుట్టిలెక్క:
బియ్యం గురించి ఎవరూ రాయలేదు, నెల్లూరులో ఉండి అది వదిలేస్తే ఎట్టా?

కొట్లో కొంటే ఒక్క మాట. లేబుల్ వేసి ప్యాక్ చేసిన సంచి 25 కిలోలు, ఆ లోపు అయితే 5 శాతం జీఎస్టీ ఉంది. 26 కిలోల సంచులు వచ్చింది అందుకే. రెండు సంచుల ధర పోల్చేటప్పుడు కిలోకు ఎంతో లెక్కేసి చూడండి. మూటలోంచి తూచి పోసే విడి బియ్యానికి ఆ పన్ను లేదు.

నిల్వకు చోటుంటే కోతల్లో వడ్లే కొనండి. మన నెల్లూరు పుట్టి (వడ్ల కొలత) 850 కిలోలు. పచ్చి బియ్యానికి ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) లెక్క వడ్ల తూకంలో 67 శాతం, అంటే నూకలతో కలిపి 570 కిలోల దాకా. సన్నాలకు చేతికొచ్చే నిండు గింజ ఇంకా తక్కువ. ధర మాట్లాడేముందు తేమ చూపించమనండి. 17 శాతం దాటిన వడ్లు కొంటే నీళ్లకు డబ్బిచ్చినట్టే, ఆరాక తూకం పడిపోతుంది. నిల్వకు 14 దగ్గరికి రావాలి. అలాగని ఎర్రటెండలో పలచగా పరిచి ఒక్క రోజులో ఆరబెట్టారా, గింజ లోపలే చిట్లి మిల్లులో నూక అయిపోతుంది. మందంగా పోసి, మధ్యమధ్య కలబెడుతూ, మిట్టమధ్యాహ్నం కప్పేయాలి. మరపట్టేముందు మిల్లులో తేల్చుకోవాల్సింది తవుడు, నూకలు ఎవరికి అన్నది. అవి వాళ్లే ఉంచుకుంటే కూలి తగ్గించాలి.

అంతా ఒకేసారి మరపట్టించొద్దు. వడ్లకు పైన ఊక కవచం ఉంటుంది. బియ్యానికి అది లేదు, ముక్కపురుగు తొందరగా పడుతుంది. మూడు నెలలకు సరిపడా మాత్రమే పట్టించి, మిగతావి వడ్లుగానే ఉంచండి. ఈలోగా అవి పాతబడి అన్నం పొడిపొడిగా వస్తుంది.

వేదాయపాళెం_వాసి:
చాలా సంతోషమండీ. పావడకు చీర దొరికింది, మడతల దగ్గర బాగానే ఉంది. డ్రైక్లీనింగు గురించి ఇంకొక్క ముక్క. పట్టుచీర కట్టిన ప్రతిసారీ ఇవ్వాల్సిందేనా?

సూదీదారం:
అక్కర్లేదన్నా. చెమట ఆరేదాకా ఫ్యాను కింద నీడన వేలాడదీసి, మడిచి, పాత తెల్ల నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. మరక పడితేనో, చంకల దగ్గర చెమట గట్టిగా పడితేనో డ్రైక్లీనింగుకి ఇవ్వండి. ప్లాస్టిక్ కవర్లో ఉంచొద్దు, మన సముద్రం గాలికి లోపల తేమ పట్టి జరీ నల్లబడుతుంది. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలనీయొద్దు. మూడు నెలలకోసారి మడత మార్చండి, లేకపోతే చిట్లేది ఆ గీత మీదే. నూలు చీరలకైతే గంజి పెట్టి బీరువాలో దాచొద్దు, గంజికి వెండిపురుగు వస్తుంది. గంజి లేకుండా ఉతికి దాచి, కట్టే ముందు రోజు పెట్టుకోవాలి.